ఒక్కరూ నివసించని ఫ్రెంచ్ ఊళ్లకు మేయర్ ఎందుకు?
ఈశాన్య ఫ్రాన్స్‌లోని వెర్డన్ దగ్గర జనాభా సున్నా అయిన ఆరు ఊళ్లకు ఇప్పటికీ మేయర్లున్నారు, ఎందుకంటే మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో నేలమట్టమైన ఆ ఊళ్లను గౌరవంగా ఫ్రాన్స్ రికార్డుల్లో అలాగే ఉంచింది. నేల నిండా పేలని గుండ్లు, విషరసాయనాలు ఉండటంతో అక్కడ మళ్లీ ఇళ్లు కట్టలేదు.

ఉదాహరణకు ఫ్లెరీ. యుద్ధానికి ముందు 400 మందికి పైగా ఉన్న పల్లె, 1916 వేసవిలో ఫ్రెంచ్, జర్మన్ సైన్యాల మధ్య 16 సార్లు చేతులు మారింది. ఇప్పుడు చెట్ల మధ్య గుండ్లు తవ్విన గుంతలు, బేకరీ ఇక్కడ, బడి ఇక్కడ అని చెప్పే చిన్న గుర్తులు మాత్రమే మిగిలాయి. చూస్తే మనసు కలుక్కుమంటుంది.

ఈ మేయర్లను ఎన్నుకుంటారని చాలామంది పొరపడతారు. ఓటర్లే లేరు కాబట్టి ప్రిఫెక్ట్, అంటే మన కలెక్టర్ లాంటి అధికారి, వారిని నియమిస్తారు. స్మారకాల సంరక్షణ, సంస్మరణ సభలు వాళ్ల బాధ్యత.