తాళి కట్టే ఫోటో లేని ఆల్బమ్

పాలకొల్లు చుట్టుపక్కల ముప్ఫై ఏళ్ళుగా పెళ్ళి ఫోటోలు తీస్తున్న ఒక ఫోటోగ్రాఫర్ ఈ వారం పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తున్నారు.

ప్ర: ముహూర్తం ఫోటో ఎప్పుడైనా మిస్సయ్యారా? నిజం చెప్పండి. (ఒక పాఠకుడు, తణుకు)

జ: నిజమే చెబుతాను. దాచినా మా ఊళ్ళో దాగదు. 1996లో సంగతి. నేను సొంతంగా ఒప్పుకున్న మూడో పెళ్ళి. చేతిలో యాషికా ఎఫ్ఎక్స్-3, జేబులో నాలుగు రీళ్ళు. ముహూర్తం రాత్రి 2 దాటాక. కాళ్ళు కడిగే ముందు కొత్త రీలు వేశాను. జీలకర్ర బెల్లం పెట్టారు, తెర తీశారు, గట్టిమేళం మోగింది, తాళి కట్టాడు. అన్నిటికీ నా ఫ్లాష్ వెలిగింది. 36 ఫోటోలు అయ్యాక రీలు తిప్పే లీవరు బిగుసుకోవాలి, లోపల రీలు అయిపోతుంది కాబట్టి. నాది 36 దాటినా హాయిగా తిరుగుతోంది. ఆ హాయి చూసి నాకు చెమటలు పట్టాయి.

వంటశాల వెనక సామాన్ల గదిలోకి వెళ్ళి, తలుపేసుకుని కెమెరా మూత తీశాను. రీలు కొస అవతలి చక్రానికి పట్టుకోలేదు. పెట్టినచోటే ఉంది. ఒక్క ఫ్రేము కూడా కదల్లేదు.

బయటికొచ్చి పెళ్ళికొడుకుని, "ఒక్కసారి తాళి కట్టినట్టు పోజు పెడతారా?" అని అడిగాను. పక్కనే ఉన్న పెళ్ళికూతురి నాయనమ్మ విని, "మూడు ముళ్ళూ పడ్డాక మళ్ళీ కట్టడమేంట్రా, నోరు కడుక్కో!" అంది. తెల్లారాక పెళ్ళికూతురి తండ్రి దగ్గరికెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆయన కాసేపు నా మొహం చూసి, "తాళి పడాల్సింది పిల్ల మెళ్ళో. నీ కెమెరాలో కాదు కదా. పోయి టిఫిన్ తిను" అన్నారు. ఆయన భార్య మాత్రం ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. తలంబ్రాల నుంచి ఉన్న ఫోటోలన్నీ డబ్బు తీసుకోకుండా ఇచ్చాను. ఆవిడ ఆల్బమ్‌లో తాళి ఫోటో ఉండాల్సిన పేజీలో శుభలేఖ అంటించింది. ఇప్పటికీ అలాగే ఉంది. ఆ ఇంట్లో తర్వాత రెండు పెళ్ళిళ్ళు నేనే తీశాను. అయినా చుట్టాలెవరొచ్చినా ముందు ఆ పేజీయే తీసి చూపిస్తుంది.

అప్పట్నుంచీ లీవరు తిప్పినప్పుడల్లా ఎడమ పక్కనున్న రివైండ్ నాబ్ తిరుగుతోందా లేదా అని చూసుకునేవాణ్ణి. అది తిరిగితేనే లోపల రీలు కదులుతున్నట్టు. ఇప్పుడు డిజిటల్‌లో రెండు కార్డులు పెట్టి, ప్రతి ఫోటో రెండింట్లోనూ పడేలా చేస్తాను. ఇంత చేసినా గట్టిమేళం మోగేసరికి నా ఎడమ చెయ్యి ఆ నాబ్ కోసం వెతుక్కుంటుంది.

ప్ర: మా తమ్ముడి పెళ్ళిలో అందరూ సెల్‌ఫోన్లు పైకెత్తారు. మంచి ఫోటో ఒక్కటీ రాలేదు. ఏం చెయ్యాలి? (ఒక పాఠకురాలు, భీమవరం)

జ: ఈ పని మేనమామకి అప్పగించండమ్మా. ఫోటోగ్రాఫర్ జరగమంటే జనానికి కోపమొస్తుంది, మేనమామ కసిరితే నవ్వుకుంటూ జరుగుతారు. నేను ముహూర్తానికి గంట ముందే ఆయన్ని పట్టుకుని చెప్పి పెట్టుకుంటాను.

ప్ర: అమ్మాయిని కాస్త తెల్లగా చెయ్యమంటే మీవాళ్ళు చెయ్యరేం? (పేరు రాయని పాఠకురాలు)

జ: పసుపు రాసిన మొహాన్ని తెల్లగా చేస్తే సున్నం కొట్టినట్టుంటుందండీ. కెమెరా ముందు మంచి వెలుతురులో నిలబెట్టడం వరకే నా పని.

ప్ర: ఆల్బమ్ ఇవ్వడానికి ఆర్నెల్లు పట్టింది. ఇదేం పద్ధతి? (ఒక పాఠకుడు, ఏలూరు)

జ: మావైపు తప్పుంటే ఒప్పుకుంటాను. కానీ మూడు వేల ఫోటోలున్న పెన్‌డ్రైవ్ ఇచ్చి, ఆల్బమ్‌కి కావాల్సినవి ఏరి పంపమంటే ఎన్నాళ్ళకు పంపారో ఒకసారి గుర్తు చేసుకోండి. అన్నప్రాసనకి పిలవడానికొచ్చి, అదే చేత్తో పెళ్ళి ఫోటోల లిస్టు ఇచ్చిన దంపతులు నాకున్నారు.

ప్ర: పెళ్ళిలో తప్పకుండా తీయించుకోవాల్సిన ఫోటో ఏది? (ఒక పాఠకురాలు, రాజమండ్రి)

జ: అందరూ తాళి అంటారు, తలంబ్రాలంటారు. అవెలాగూ తీస్తాం. నేను చెప్పేది వేరు.

ఎవరో ఒకరు పెళ్ళి ఆల్బమ్ చంకలో పెట్టుకుని మా స్టూడియోకి వస్తుంటారు. తాతగారు పోయారు, పెద్దకర్మ నాటికి పెద్ద ఫోటో కావాలి. విడిగా తీసిన ఫోటో ఇంట్లో ఒక్కటీ ఉండదు. ఉన్నదల్లా మనవరాలి పెళ్ళి గ్రూప్ ఫోటో. అందులో ఆయన వెనక వరసలో ఉంటారు, చెంప మీద ఎవరిదో భుజం. అది కత్తిరించి, ఆ భుజం చెరిపి, లేని చెంప గీసి ఇవ్వాలి. ఒకాయనకైతే చేతిలో ఐస్‌క్రీం కప్పు ఉంది. అది తీసేశాక ఆ చెయ్యి ఏం చేస్తున్నట్టు కనపడాలో తెలీక అరపూట కూర్చున్నాను.

అందుకని ఇప్పుడు ప్రతి పెళ్ళిలోనూ మొదటి బంతి లేచాక, పెద్దవాళ్ళు కిళ్ళీ నములుతూ కుర్చీల్లో కూర్చునే వేళ చూసుకుని వెళ్ళి ఒక్కొక్కరినీ విడిగా తీస్తాను. వెనక సాదా గోడ, పక్కనుంచి కిటికీ వెలుతురు. ఎందుకో చెప్పను. శుభమా అని పెళ్ళి జరుగుతుంటే చెప్పే మాటా అది! ఒక మామ్మగారు మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "నాకు తెలుసులేరా. కళ్ళజోడు ఉంచనా, తీసెయ్యనా?" అని అడిగింది. ఉంచమన్నాను.

ప్ర: నాకు ఫోటోగ్రఫీ ఇష్టం. ఆడపిల్లకి రాత్రిళ్ళు పనేంటని అమ్మ అంటోంది. (ఒక విద్యార్థిని, కాకినాడ)

జ: అమ్మగారి భయం అబద్ధం కాదు. మొదట్లో ఎవరైనా సీనియర్ టీమ్‌తో వెళ్ళు. అయితే ఒక సంగతి చెప్పు ఆవిడకి. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం జెనానా స్టూడియో పెట్టి, అక్కడ ఫోటోలు తీసే పని ఒక ఆంగ్ల మహిళకే అప్పగించారు. ఇప్పటికీ పెళ్ళికూతుర్ని చేసే గదిలోకి నన్ను పిలిచేసరికి అక్కడ అసలు సందడి అయిపోయుంటుంది. ఆ గదిలోంచి నువ్వు తెచ్చే ఫోటోలు నేను తేలేను.

ప్ర: వీధిలో ముక్కూమొహం తెలియని వాళ్ళ ఫోటోలు తీసేటప్పుడు అడిగి తీస్తారా, అడక్కుండానా? (ఒక పాఠకుడు, నరసాపురం)

జ: మీ ఊరి రేవులోనే నేర్చుకున్నాను. మూఢాల్లో పెళ్ళిళ్ళుండవు కదా, అప్పుడు కెమెరా పట్టుకుని తిరుగుతుంటాను. ఒకరోజు పొద్దున్నే సఖినేటిపల్లి వైపు నుంచి జనాన్ని గోదారి దాటించే పంటు వస్తోంది. దాని అంచున ఒకామె చేపల గంప మీద మోచెయ్యి ఆనించి, గోదారి వైపు చూస్తోంది. తడి చీర, ఏటవాలు ఎండ. అడగలేదు, తీసేశాను. పంటు ఆగాక నేరుగా నా దగ్గరికొచ్చి, "ఏటి బాబూ, నా బొమ్మ తీసుకుని ఏం చేసుకుంటావ్?" అంది.

వారం తిరిగేసరికి పెద్ద సైజు ప్రింటు వేయించి తీసుకెళ్ళి ఇచ్చాను. నాకైతే ఆ ఏడాది తీసినవాటిలో అంతకంటే మంచి ఫోటో లేదు. ఆవిడ కాసేపు చూసి, "చేపల కంపుతో ఉన్నప్పుడు తీశావేంటి! ఎవరికన్నా చూపించేదేనా ఇది?" అని మడతెట్టి గంప కింద పెట్టేసింది. మళ్ళీ ఆదివారం రమ్మంది. వెళ్ళేసరికి నీలం పట్టుచీర కట్టుకుని, మెళ్ళో గొలుసులేసుకుని, కూతుర్ని పక్కన పెట్టుకుని టికెట్ల గది గోడ ముందు బిర్రుగా నిలబడి ఉంది. నవ్వమంటే నవ్వలేదు. పాస్‌పోర్టు ఫోటోలా వచ్చింది. ఆ ప్రింటు కాపీలు చుట్టాలకివ్వడానికని మూడు అడిగింది. గంప ఫోటో మా స్టూడియోలో పెట్టుకుంటానంటే ఒప్పుకోలేదు. పెట్టలేదు.