రేసు గుర్రాల ఊపిరి డాక్టర్ కావాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. మా బావమరిది మలక్‌పేట రేస్‌కోర్సులో ఒక ట్రైనర్ దగ్గర పని చేస్తాడు. కిందటి సీజన్‌లో అతనితో వెళ్లినప్పుడు, పరుగు అయ్యాక ఒక గుర్రానికి ముక్కు నుంచి రక్తం కారడం చూసింది. అప్పటి నుంచి ‘ఎంబీబీఎస్ వద్దు, రేసు గుర్రాల ఊపిరి డాక్టర్ అవుతా’ అని పట్టు పట్టింది. అలాంటి కోర్సు ఉందా? ఉద్యోగాలుంటాయా? రేసులంటే జూదం కదా అని ఇంట్లో పెద్దవాళ్లు గొడవ చేస్తున్నారు. - ఒక తండ్రి, నల్గొండ

జవాబు: ఆ పేరుతో మన దగ్గర డిగ్రీ లేదండీ. మీ అమ్మాయి ముందు మామూలు పశువైద్యురాలు కావాలి. అంటే బీవీఎస్సీ అండ్ ఏహెచ్. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరుల్లో కాలేజీలున్నాయి. దేశవ్యాప్తంగా 15 శాతం సీట్లను వెటర్నరీ కౌన్సిల్ నీట్ స్కోరుతో నింపుతుంది. ఎంబీబీఎస్ వద్దన్నా నీట్ మాత్రం రాయించండి. రాష్ట్ర కోటా సీట్లకు ఏ ర్యాంకు తీసుకుంటారో యూనివర్సిటీ ఆ ఏటి నోటిఫికేషన్‌లో ఉంటుంది, ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) కూడా వదలొద్దు.

ఇక ఆమె చూసిన రక్తం సంగతి. గుర్రం పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాల్లో పీడనం విపరీతంగా పెరిగి, కొన్ని చిట్లిపోతాయి. రేస్‌కోర్సులో ఇలాంటి గుర్రాన్ని ‘బ్లీడర్’ అంటారు. విచిత్రం ఏమిటంటే, రక్తం ముక్కుదాకా వచ్చేది కొద్ది గుర్రాల్లోనే. మిగతావాటికి లోపలే ఉండిపోతుంది. అందుకే పరుగు ముగిసిన అరగంట నుంచి గంటన్నరలోపు ముక్కులోంచి ఎండోస్కోప్ (చివర కెమెరా ఉన్న సన్నని గొట్టం) దించి, శ్వాసనాళంలో రక్తపు చార ఎంత ఉందో చూసి గ్రేడు ఇస్తారు. అమెరికాలో చాలా ఏళ్లు ఈ రక్తస్రావం తగ్గించడానికి రేసు రోజే ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్ ఇవ్వడం మామూలు వ్యవహారం. మన దేశంలో రేసు రోజు అది నిషిద్ధం. ముక్కు నుంచి రక్తం వచ్చిన గుర్రాన్ని క్లబ్బులు కొంతకాలం పరుగుకు రానివ్వవు.

ఆమెకు ఈ రంగం ఎంత నచ్చుతుందో తెలియాలంటే రక్తం కంటే గొంతు కేసు చూడాలి. గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు, ముక్కే దిక్కు. పరుగులో ఒక అంగకు ఒక ఊపిరి లెక్కన నడుస్తుంది. కాబట్టి దారిలో ఎక్కడ ఇరుకైనా వేగం పడిపోతుంది. కొన్ని గుర్రాలు పరుగులో గురగురమనే శబ్దం చేస్తాయి, కొన్ని ఈల వేసినట్టు. గురగుర అంటే చాలాసార్లు మెత్తటి అంగిలి ఎగబడి దారికి అడ్డం పడిందని అర్థం. ఈల లేదా గర్జన లాంటి శబ్దమైతే స్వరపేటిక ఎడమ పక్క సరిగ్గా తెరుచుకోవడం లేదని అనుమానిస్తారు. ఎడమ పక్కే ఎందుకంటే, అటు వెళ్లే నరం మెదడు నుంచి మెడ గుండా ఛాతీలోకి దిగి, గుండె దగ్గరి పెద్ద ధమనిని చుట్టుకుని మళ్లీ గొంతుకు ఎక్కుతుంది. ఎత్తయిన గుర్రంలో ఈ దూరం రెండు మీటర్ల పైనే. అంత పొడవు నరం పాడైతే స్వరపేటికను తెరిచే కండరం కరిగిపోతుంది.

పరీక్ష ఎలా ఉంటుందో చెబుతాను. సైస్ (గుర్రాన్ని చూసుకునే పనివాడు) దాని పై పెదవికి ట్విచ్ అనే బిగింపు పెట్టి, కదలకుండా నిలబెడతాడు. డాక్టర్ స్కోప్‌ను ముక్కు రంధ్రంలోంచి గొంతుదాకా నెమ్మదిగా తోస్తారు. తెరమీద స్వరపేటిక రెండు పక్కలా రెండు మృదులాస్థి రెక్కలు కనిపిస్తాయి. కాసేపు ముక్కు మూస్తే, లేదా మింగిస్తే, రెండూ పూర్తిగా విప్పుకోవాలి. ఎడమది వెనకబడితే రోగం దొరికినట్టే. తీవ్రమైతే ఆ రెక్కను దారంతో వెనక్కి లాగి కట్టే ‘టై-బ్యాక్’ ఆపరేషన్ ఉంది. ఆ తర్వాత మేత, నీళ్లు శ్వాసనాళంలోకి జారి దగ్గు వచ్చే ప్రమాదం ఉంటుంది, కాబట్టి గ్యారంటీ ఏమీ ఇవ్వలేరు. అంగిలి సమస్య నిలబడి ఉన్నప్పుడు కనిపించకపోవచ్చు. దానికోసమే పరిగెడుతుండగా రికార్డు చేసే చిన్న ఎండోస్కోప్‌లు వచ్చాయి.

దుమ్ము ఎక్కువగా ఉన్న గడ్డి, గాలాడని స్టేబుల్ వల్ల వచ్చే గుర్రాల ఆస్తమా కూడా ఉంది. దానికి మందుకంటే ముందు గడ్డి తడిపి పెట్టమనే చెబుతారు. పెద్ద డిగ్రీలు చదివిన డాక్టర్ ‘గడ్డి తడపండి’ అంటే యజమానికి నచ్చదు లెండి, అయినా చెప్పాలి.

ఇప్పుడు ఉద్యోగాలు. మీరు ఇష్టపడని భాగం ఇదే. దేశంలో రేసు క్లబ్బులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వాటికీ ఇబ్బందులున్నాయి. 2024 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం చెన్నై గిండీ రేస్‌కోర్సు లీజు రద్దు చేసింది. కాబట్టి రేసు గుర్రాల మీదే జీవితమంతా పెట్టుకోమని నేను చెప్పను. బీవీఎస్సీ తర్వాత క్లబ్బులో లేదా గుర్రాల ప్రాక్టీసు ఉన్న డాక్టర్ దగ్గర అసిస్టెంటుగా చేరి, ఎంవీఎస్సీ (పశువైద్యంలో పీజీ) సర్జరీ అండ్ రేడియాలజీ గానీ మెడిసిన్ గానీ చేయడం నాకు సబబైన దారి. పుణె వైపు స్టడ్ ఫారాలు, అంటే గుర్రాల్ని పెంచే క్షేత్రాలు, ఉన్నాయి. హిసార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది. సైన్యంలో జంతువుల్ని చూసుకునే విభాగమైన రిమౌంట్ వెటర్నరీ కోర్ షార్ట్ సర్వీస్ కమిషన్‌కు బీవీఎస్సీ వాళ్లు 21 నుంచి 32 ఏళ్ల మధ్య దరఖాస్తు చేసుకోవచ్చు, ఈ మధ్య మహిళలకూ కొన్ని పోస్టులు ఇస్తున్నారు. ఇవేవీ కుదరకపోయినా అదే డిగ్రీతో పశుసంవర్ధక శాఖలో ఉద్యోగం, పెంపుడు జంతువుల క్లినిక్ ఉండనే ఉన్నాయి. చదువు వృథా పోదు.

జూదం విషయంలో ఇంట్లో పెద్దవాళ్ల భయం నాకు తప్పుగా తోచదు. కానీ వాళ్లు ఊహించేదీ నేను చూసే ప్రమాదమూ ఒకటి కాదు. గుర్రాల డాక్టర్‌కు పెద్ద టెన్షన్ రేసుకు ముందురోజు వస్తుంది. ‘ఈ ఒక్కసారి పరిగెత్తనివ్వండి డాక్టర్’ అని ట్రైనర్, యజమాని ఇద్దరూ అడుగుతారు. స్కోప్‌లో తేడా కనిపించినప్పుడు కాదని చెప్పే గుండె ఉందా అన్నది అమ్మాయినే అడగండి, ఎంట్రన్స్ ర్యాంకు కంటే అది ముఖ్యం.

బావమరిది ఉన్నాడు కాబట్టి ఒక పని చేయండి. పరీక్షలయ్యాక, ట్రైనర్ అనుమతి తీసుకుని తెల్లవారుజామున ట్రాక్ వర్క్ (గుర్రాల ప్రాక్టీసు పరుగు) సమయానికి ఆమెను తీసుకెళ్లమనండి. రేసు రోజు వద్దు. గుర్రాలు వెనక్కి వచ్చేటప్పుడు పక్కనే నిలబడి ఊపిరి వినమనండి, డాక్టర్ ఒప్పుకుంటే ఒక స్కోపింగ్ చూడమనండి. పేడ, మూత్రం వాసన, గుర్రం తన్నుతుందేమోనన్న భయం, ఉదయం నాలుగింటికే నిద్ర లేవడం, ఇవన్నీ చూశాక కూడా ఇదే కావాలంటే నీట్ కోచింగ్‌కు ఫీజు కట్టేయండి.