ఎదురింటి తలుపు

చిరంజీవి మేనల్లుడికి,
మామయ్య దీవెనలు.

ఉద్యోగం మానేసి ఉత్తరాదికి మిషనరీగా వెళ్ళాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. పిలుపు నిజమైతే నేను అడ్డుపడను. కానీ ఉప్పల్‌లో మూడేళ్ళుగా ఉంటున్నావు, ఎదురు ఫ్లాట్‌ పిల్లల పేర్లేమిటని మొన్న అడిగితే తెలీదన్నావు. అదే నాకు గుచ్చుకుంది.

మెట్టుగూడ క్వార్టర్స్‌లో ఉండగా నేను చేసిన తప్పు చెప్తాను. బోనాల రోజు పక్కింటావిడ స్టీలు గిన్నెలో ప్రసాదం తెచ్చింది. బెల్లం అన్నం, ఇంకా వేడిగా ఉంది. ఆవిణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి విగ్రహాల గురించి పావుగంట ప్రసంగం చేశాను. ఏమీ అనలేదు. మూత పెట్టుకుని వెళ్ళిపోయింది, రెండేళ్ళు మా గడప తొక్కలేదు. తర్వాత మీ అత్తకు టైఫాయిడ్‌ వస్తే మాత్రం పిలవకుండానే వచ్చి, వారం రోజులు జావ కాచి పోసింది. పరాయివాడే ఆగి గాయపడ్డవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుని కథ, యేసయ్య చెప్పింది, నేను ఎన్నిసార్లు చెప్పానో. అది మా వంటింట్లోనే జరుగుతుంటే సిగ్గుతో తల వంచుకున్నాను.

ప్రసాదం సంగతి నీ మనస్సాక్షికే వదిలేస్తున్నా. విగ్రహాలకు పెట్టిన తిండి గురించి బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో (ఉత్తరంలో) 8, 10 అధ్యాయాలు చదువుకో. తీసుకోలేకపోతే, "ఏమీ అనుకోకండి, మేం తీసుకోమండి, లోపలికి రండి, టీ తాగి వెళ్దురు" అను. చాలు.

చర్చిలో మాట్లాడే తెలుగును చర్చిలోనే ఉంచు. "భారం కలిగింది, రక్షింపబడ్డాను" అంటే బయటివాళ్ళకు ఏం అర్థమవుతుంది? పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) క్రైస్తవ కీర్తనలు మన రాగాల్లో, మన తాళాల్లో కట్టారు. బిషప్ అజరయ్యగారు తమిళులు, డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1939లో అక్కడ ప్రతిష్ఠించిన పెద్ద చర్చి చూశావు కదా, గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసే ఉంటాయి. బయటినుంచి వచ్చినాయన మన మాట కోసం అంత కష్టపడితే, ఇక్కడే పుట్టిన మనం పక్కింటివాళ్ళకు పరాయివాళ్ళలా ఉండటం ఏమిటి?

చావింటికి తప్పకుండా వెళ్ళు. బైబిలు తియ్యకుండా ఊరికే పక్కన కూర్చో. ఎండాకాలం ట్యాంకర్ వచ్చినప్పుడు పైఅంతస్తు ముసలాయనకు రెండు బిందెలు మోసిపెట్టు. ఆ సాయం చూపించి చర్చికి రమ్మని మాత్రం ఎప్పుడూ అడగకు, అది బేరం అవుతుంది. పరీక్షల రోజుల్లో మీ ప్రార్థన కూటం మైకు ఆపించు, పాస్టరుగారితో నేను మాట్లాడతాను. "మీరెందుకు ఇలా ఉంటారు?" అని వాళ్ళే అడిగిన రోజు దాచకుండా యేసయ్య పేరు చెప్పు. బైబిల్లో పేతురు చెప్పినట్టు సాత్వికంగా చెప్పు.

శనివారం మీ అత్త గులాబీ పువ్వుల పిండివంట చేస్తోంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఇటు వచ్చి రెండు డబ్బాలు తీసుకెళ్ళు, ఒకటి నీకు, ఒకటి ఎదురింటికి. పిల్లల పేర్లు తెలుసుకుని రాత్రికి ఫోన్ చెయ్యి.

మీ మామయ్య