హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగం మానెయ్యమంటున్నారు, రాజీనామా రాసివ్వాలా?

ప్రశ్న: నాకు 36 ఏళ్ళండి, మాది పశ్చిమ గోదావరి. రొయ్యల ప్లాంట్‌లో పీలింగ్ సెక్షన్‌లో కూలీగా చేరి ఇప్పుడు సూపర్‌వైజర్‌గా చేస్తున్నా. మా ఆయన పోయి ఏడేళ్ళయింది, ఆయన ద్వారానే నాకు హెచ్‌ఐవీ వచ్చింది, అప్పట్నుంచి మందులు వాడుతున్నా, టెస్ట్‌లో వైరస్ కనపడట్లేదు అన్నారు. బాబుకి 12 ఏళ్ళు, వాడికి లేదు. పోయిన నెల ప్లాంట్‌లో మెడికల్ చెకప్ అని రక్తం తీశారు, ఎందుకో చెప్పలేదు. రెండు రోజుల్లో లైన్ మొత్తానికి తెలిసిపోయింది. టీ దగ్గర నాకు గ్లాస్ విడిగా పెడుతున్నారు, కంపెనీ బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోట్లేదు. హెచ్‌ఆర్ సార్ పిలిచి "ఎక్స్‌పోర్ట్ సరుకమ్మా, బయ్యర్లకి తెలిస్తే కష్టం, నువ్వే రాసిచ్చేస్తే మర్యాదగా ఉంటుంది" అన్నారు, నెలాఖరు దాకా టైమ్ ఇచ్చారు. అన్నయ్యేమో గొడవలొద్దు, మానేసి హైదరాబాద్ వచ్చెయ్ అంటున్నాడు. ఈ దిగులుతో పది రోజులుగా మాత్ర కూడా వేసుకోవట్లేదు, వేసుకుని ఏం లాభం అనిపిస్తోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ మాత్ర. ఈ రోజే వేసుకోండి, రోజూ వేసుకునే టైమ్‌కే. పది రోజులవి పోగేసి రెండేసి వేసుకోవద్దు, ఎప్పటిలాగే ఒక్కటే. రేపో ఎల్లుండో మీకు హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్ళి ఇన్ని రోజులు ఆపానని ఉన్నదున్నట్టు చెప్పండి, తిడతారేమో అని దాచొద్దు, ఈ మధ్య జ్వరంగానీ దగ్గుగానీ వచ్చుంటే అదీ చెప్పండి. మందు ఆపితే వైరస్ మళ్ళీ పెరుగుతుంది, ఆపుతూ వేసుకుంటూ ఉంటే ఆ మందుకి లొంగకుండా తయారవుతుంది, అప్పుడు వేరే మందులకి మార్చాల్సొస్తుంది. ఏడేళ్ళు ఒక్క చేత్తో ఇంటినీ పిల్లాడినీ నెట్టుకొస్తూ వైరస్ కనపడని స్థితికి తెచ్చుకున్నారు, అది చిన్న విషయం కాదు, ఆ హెచ్‌ఆర్ ఆయన అన్న నాలుగు మాటలకి దాన్ని పోగొట్టుకోవద్దు. సెంటర్ దగ్గర తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తారేమో అని భయంగా ఉంటే పక్క జిల్లా సెంటర్‌కి ట్రాన్స్‌ఫర్ అడగొచ్చు, ఇస్తారు. "ఏం లాభం" అనే ఆలోచన మరీ ఎక్కువైతే, ప్రాణం మీద విరక్తి దాకా వెళ్తే, 14416కి ఫోన్ చెయ్యండి, టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు, ఎంత రాత్రయినా ఎత్తుతారు.

ఇక మీరు అడిగిన దానికి నా సమాధానం, రాజీనామా రాయొద్దు. నెలాఖరుకీ కాదు, ఆ తర్వాతా కాదు. వాళ్ళు మిమ్మల్ని తీసెయ్యకుండా మీ చేతే ఎందుకు రాయించాలనుకుంటున్నారో ఆలోచించండి. తీసేస్తే వాళ్ళు చట్టానికి జవాబు చెప్పాలి. హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది, అది ప్రైవేటు కంపెనీలకీ వర్తిస్తుంది. హెచ్‌ఐవీ ఉందని ఎవర్నైనా ఉద్యోగంలోంచి తియ్యాలంటే కంపెనీకి సంబంధం లేని, అర్హత ఉన్న డాక్టర్ ఈ మనిషి వల్ల పనిచేసే చోట వేరేవాళ్ళకి అంటుకునే ప్రమాదం గట్టిగా ఉందని గానీ, ఈ పని చెయ్యడానికి పనికిరారని గానీ కాగితం మీద రాసివ్వాలి, దాంతోపాటు ఆ మనిషికి తగ్గట్టు పనిలో సర్దుబాటు చెయ్యడం తమకి ఎందుకు కుదరదో కంపెనీ కూడా రాసివ్వాలి, ఆ రెండు కాపీలూ మీ చేతికి రావాలి. మీలా మందులు వాడుతూ వైరస్ కనపడని మనిషి గురించి ఏ డాక్టర్ అలా రాస్తాడు? రాయలేరని వాళ్ళకీ తెలుసు. అందుకే ఈ "మర్యాద" కబుర్లు. మీ చేత్తో మీరు సంతకం పెట్టిచ్చాక "మేం తియ్యలేదండీ, ఆవిడే మానేసింది" అనేస్తారు, ఇక మీరు నిరూపించుకుంటూ తిరగాలి.

ఆ రక్తం సంగతి నాకు ఇంకా బాధగా ఉంది. ఎందుకు తీస్తున్నారో చెప్పి, మీరు సరే అన్నాకే హెచ్‌ఐవీ టెస్ట్ చెయ్యాలి, చట్టంలో స్పష్టంగా ఉంది. తిండి సరుకు ముట్టుకునేవాళ్ళకి ఏటా ఆరోగ్య పరీక్ష అవసరమే, కానీ అందులో చూడాల్సింది టైఫాయిడ్ లాంటివి, చర్మవ్యాధులు, చీము పట్టిన పుళ్ళు, అంటే తిండి ద్వారా ఇంకొకళ్ళకి వెళ్ళేవి. హెచ్‌ఐవీ తిండి ద్వారా రాదు. తల తీస్తుంటే రొయ్య ముల్లు గుచ్చుకుంటుంది, కత్తి కోసుకుంటుంది, మీ లైన్‌లో ఎవరికి కోసుకున్నా చెయ్యి కడిగి కట్టు కట్టి, గ్లౌజ్ మార్చి, రక్తం పడ్డ సరుకు పక్కన పడెయ్యాలి, అది ఎవరి రక్తమైనా సరే. అంతకు మించి మీ కోసం వేరే రూల్ ఏమీ అక్కర్లేదు. బయ్యర్ల పేరు చెప్పి భయపెట్టడం ఉత్త మాట.

టీ గ్లాస్ విషయానికొస్తే, యూరప్‌లో 888 జంటల్ని గమనించి చూసిన ఒక పరిశోధన 2016లో వచ్చింది, భార్యాభర్తల్లాంటి జంటలు, ఒకరికి హెచ్‌ఐవీ ఉంది, మందులతో అణిగి ఉంది, కండోమ్ లేకుండానే కలుస్తున్నారు, అయినా ఆ భాగస్వామి నుంచి రెండోవాళ్ళకి వచ్చింది ఒక్కటంటే ఒక్క కేసు కూడా లేదు. కాపురంలోనే రానిది బస్సు సీటు మీద నుంచి వస్తుందా? మీ తోటివాళ్ళ మీద నాకు కోపం కంటే జాలి ఎక్కువ, మన కోస్తా జిల్లాల్లో తొంభైల్లో మందుల్లేక ఇంటికొకరన్నట్టు పోయిన ఊళ్ళున్నాయి, గోడల మీద ఎయిడ్స్ అంటూ గీసిన పుర్రె బొమ్మలు చూసి పెరిగినవాళ్ళు, 2004 నుంచి ప్రభుత్వమే ఉచితంగా మందులిస్తోందనీ రోజుకో మాత్రతో మనిషి మామూలుగా బతుకుతాడనీ వాళ్ళకి కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేరు. అలాగని వాళ్ళకి పాఠం చెప్పే బాధ్యత మీది కాదు. ఎవరైనా మొహం మీదే అడిగితే "నా ఆరోగ్యం నా సొంత విషయం" అనండి చాలు, అవునని గానీ కాదని గానీ అనక్కర్లేదు. టీకి మాత్రం వెళ్ళడం మానొద్దు.

ఇప్పుడు చెయ్యాల్సింది, ఒక నోట్‌బుక్‌లో ఏ తేదీన ఎవరు ఏమన్నారు, పక్కన ఎవరున్నారు అన్నీ రాసుకోండి, వాట్సాప్‌లో ఏమన్నా వచ్చుంటే స్క్రీన్‌షాట్ తీసి అన్నయ్య ఫోన్‌కి కూడా పంపండి. తర్వాత మేనేజ్‌మెంట్‌కి ఒక చిన్న లెటర్. జబ్బు పేరు రాయక్కర్లేదు. "ఫలానా తేదీన నన్ను పిలిచి రాజీనామా ఇమ్మన్నారు. నాకు ఉద్యోగం మానే ఉద్దేశం లేదు. మెడికల్ చెకప్‌లో నా దగ్గర తీసుకున్న రక్తానికి ఏ పరీక్షలు చేశారో, నా వివరాలు నా అనుమతి లేకుండా బయటికి ఎలా వెళ్ళాయో రాతపూర్వకంగా తెలపగలరు" అంతే. రెండు కాపీలు తీసి ఒక దాని మీద ముట్టినట్టు సంతకం, స్టాంప్ వేయించుకోండి, వాళ్ళు వెయ్యడానికి ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచుకోండి. చాలాసార్లు ఈ ఒక్క లెటర్‌తోనే గొంతు తగ్గుతుంది, ఎందుకంటే నోటితో అన్నన్ని రోజులే వాళ్ళకి ధైర్యం.

తగ్గకపోతే, వందమంది అంతకు మించి పనిచేసే చోట ఈ చట్టం కింద ఫిర్యాదులు తీసుకోడానికి కంప్లైంట్స్ ఆఫీసర్ ఉండాలి, ఎవరో అడగండి. దాని పైన రాష్ట్ర ప్రభుత్వం నియమించే అంబుడ్స్‌మన్ ఉంటారు, ఫిర్యాదు మీద 30 రోజుల్లో ఆర్డర్ ఇవ్వాలి, ఆ ఆర్డర్ కంపెనీ పాటించకపోతే పదివేల దాకా జరిమానా, అప్పటికీ వినకపోతే రోజుకి అయిదు వేల దాకా అదనంగా. ఎక్కడికెళ్ళాలి ఎలా రాయాలి అనేది 1097కి ఫోన్ చేసి అడగండి, ఎయిడ్స్ హెల్ప్‌లైన్, ఉచితం. వకీలు ఖర్చు అనుకుంటారేమో, ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, కోర్టు ఆవరణలోనే ఆఫీస్ ఉంటుంది, 15100కి చేసినా చెప్తారు. ఆలస్యం మాత్రం చెయ్యొద్దు.

మీ అన్నయ్య భయం పేరు బయటపడుతుందని కదా. కేసు దాకా వెళ్ళినా మారుపేరుతో నడిపించమని అడిగే హక్కు ఈ చట్టంలోనే ఉంది. అసలు ఈ చట్టం రాకముందే ముంబైలో ఒక క్యాజువల్ లేబర్ హెచ్‌ఐవీ ఉందని తనని పనిలోంచి తప్పించిన ప్రభుత్వరంగ సంస్థ మీద కోర్టుకెళ్ళాడు, 1997లో బాంబే హైకోర్టు పని చెయ్యగలిగిన మనిషిని ఆ కారణంతో తియ్యకూడదని తీర్పిచ్చి పని ఇప్పించింది. ఆ కేసులో ఆయన పేరు ఎంఎక్స్, సంస్థ పేరు జడ్‌వై, ఈ రోజుకీ అంతే. ఈ సంగతి అన్నయ్యకి చెప్పండి, ఆయన మీ మంచి కోరే అంటున్నాడు, కానీ హైదరాబాద్ వెళ్ళినా కొత్త చోట మళ్ళీ ఇదే ఎదురుకాదని ఏం గ్యారంటీ, ఇక్కడ మీకు సర్వీస్ ఉంది, పీఎఫ్ ఉంది, అయిదేళ్ళు దాటుంటే గ్రాట్యుటీ హక్కుంది. ఆరు నెలల తర్వాత మీకే ఈ ఊరు వద్దనిపిస్తే అప్పుడు వెళ్ళండి, తరిమితే వెళ్ళొద్దు. కంపెనీకి లెటర్ ఇవ్వడానికి వెళ్ళేటప్పుడు అన్నయ్యని వెంట రమ్మనండి, గేటు బయట నిలబడినా చాలు.

బాబు గురించి మీరు అడగలేదుగానీ, 12 ఏళ్ళ పిల్లాడికి అమ్మ మొహం చూస్తే ఏదో జరుగుతోందని తెలుస్తుంది, పైగా ఊళ్ళో మాట వాడి స్కూల్ దాకా వెళ్ళొచ్చు. వేరేవాళ్ళ నోట వినేకంటే మీ నోట వినడమే మంచిది. ఇప్పటికి "ప్లాంట్‌లో నాకు అన్యాయం చేస్తున్నారు నాన్నా, నేను ఊరుకోవట్లేదు" అని చెప్పండి. జబ్బు సంగతి ఎప్పుడు ఎలా చెప్పాలో సెంటర్‌లో మాత్ర గురించి మాట్లాడే రోజే అక్కడి కౌన్సెలర్‌ని అడగండి, కావాలంటే వాళ్ళ ముందే కూర్చోబెట్టి చెప్పొచ్చు. లెటర్ డ్రాఫ్ట్ రాశాక ఇచ్చేముందు నాకొకసారి పంపండి, చూసి మార్పులుంటే చెప్తాను.