బిల్లులో ఎడమ తుంటి, ఇంజెక్షన్ కుడి తుంటికి

ప్రశ్న: అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాను. నా భార్యకు కుడి తుంటి పక్కన విపరీతమైన నొప్పి. ఆ వైపు తిరిగి పడుకోలేదు, మెట్లెక్కలేదు. డాక్టర్ ట్రోకాంటరిక్ బర్సైటిస్ (తుంటి పక్క ఎముక మీదుండే ద్రవపు సంచి వాపు) అని చెప్పి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. మా కంపెనీ ఆరోగ్య బీమా ప్లాన్ వాళ్లు ‘జబ్బుకూ చికిత్సకూ పొంతన లేదు’ అంటూ క్లెయిమ్ తిరస్కరించారు. ఐదు నెలలుగా ఫోన్లు చేస్తున్నాం. టెన్షన్‌తో ఇద్దరికీ నిద్ర లేదు. మనోవేదనకు పరిహారం కోరుతూ కేసు వేయవచ్చా? ఆర్థరైటిస్ కోడ్ వేయించుకుంటే పాసవుతుందని ఒక మిత్రుడు అంటున్నారు.

జవాబు: మీరు పంపిన కాగితాలన్నీ చదివాను. మీ కేసు తేలేది ఒక్క అంకె దగ్గర. బిల్లులో డయాగ్నసిస్ కోడ్, అంటే జబ్బును సూచించే కోడ్, ఎం70.62 అని ఉంది. ఎం70.6 అంటే ట్రోకాంటరిక్ బర్సైటిస్. ఆ తర్వాతి అంకె 1 అయితే కుడి, 2 అయితే ఎడమ, 0 అయితే ఏ వైపో రాయలేదని అర్థం. అదే బిల్లులో ఇంజెక్షన్ కోడ్ 20611 పక్కన ఆర్‌టీ అని ఉంది, అంటే కుడి. జబ్బు ఎడమ తుంటికి, ఇంజెక్షన్ కుడి తుంటికి అని బిల్లు చెబుతుంటే ఏ బీమా కంపెనీ అయినా ఆపుతుంది.

ఇక మీ మిత్రుడి సలహా. దాని జోలికి వెళ్లవద్దు. లేని ఆర్థరైటిస్‌ను ఎం16.11 (కుడి తుంటి ఆర్థరైటిస్ కోడ్) గా రాయించి డబ్బు తీసుకోవడం ఫెడరల్ చట్టం కింద హెల్త్‌కేర్ ఫ్రాడ్. 10 ఏళ్ల వరకు జైలు పడవచ్చు. ఎక్స్‌రే అడిగితే ఏం చూపిస్తారు? నిజం మీ వైపే ఉండగా అబద్ధం ఎందుకు?

పరిహారం మాట కూడా వదిలేయండి. ఉద్యోగం ద్వారా వచ్చిన మీ ప్లాన్ 1974 నాటి ఎరిసా చట్టం (ఉద్యోగుల ప్లాన్లకు వర్తించే ఫెడరల్ చట్టం) కిందికి వస్తుంది. అందులో మనోవేదనకు పరిహారం రాదు. కోర్టుకు వెళ్లాలన్నా ముందు ప్లాన్ వాళ్లకే అప్పీలు చేసుకోవాలి. పైగా అప్పీలు ఫైల్లో లేని కాగితాన్ని కోర్టు తర్వాత సాధారణంగా చూడదు. మీ దగ్గరున్న ప్రతి ఆధారం ఇప్పుడే ఫైల్లో చేరాలి.

ఐదు నెలలు ఫోన్లతో గడిపేశారు! ఫోన్ కాల్ అప్పీలు కాదు. తిరస్కరణ లేఖ అందిన నాటి నుంచి అప్పీలుకు 180 రోజులు గడువు. మీకు నెల కూడా మిగల్లేదు. లేఖ అందిన తేదీ చూసి, ఆఖరి రోజు ఏదో ఇవాళే లెక్కగట్టండి.

ముందు మీ భార్య సంతకంతో డాక్టర్ ఆఫీసును విజిట్ నోట్, ప్రొసీజర్ నోట్, అల్ట్రాసౌండ్ చిత్రాల కాపీలు అడగండి. భర్త అడిగితే చాలదు, ఆమె సంతకం కావాలి. అప్పీలులో ఆమె తరఫున మీరు మాట్లాడాలన్నా ప్లాన్ వాళ్ల అధికార పత్రంపై ఆమే సంతకం చేయాలి. నోట్‌లో ‘కుడి’ అని స్పష్టంగా ఉంటే పని సులువు. బిల్లింగ్ ఆఫీసు ఎం70.61తో సవరించిన క్లెయిమ్ పంపాలి, దాని మీద ఫ్రీక్వెన్సీ కోడ్ 7 ఉండాలి. పాత క్లెయిమ్ స్థానంలో ఇది వస్తోందని దాని అర్థం. నోట్‌లోనే ‘ఎడమ’ అని పడి ఉంటే దిద్దాల్సింది డాక్టరే, తేదీ వేసి. సవరణ కోరుతూ డాక్టర్ ఆఫీసుకు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. వాళ్లు 60 రోజుల్లో జవాబివ్వాలి, కారణం చెప్పి మరో 30 రోజులు తీసుకోవచ్చు.

సవరించిన క్లెయిమ్ పంపుతున్నామని బిల్లింగ్ వాళ్లు చెప్పగానే మీరు ఊరుకోకండి. దాని కోసం మీ 180 రోజులు ఆగవు. గడువులోగా అప్పీలు విడిగా, రాతపూర్వకంగా, అందినట్టు రుజువుండే పద్ధతిలో పంపండి. కాపీలు ఇంకా చేతికి రాకపోయినా పంపండి, వచ్చాక జత చేయండి. క్లెయిమ్ ఫైలు కాపీ కూడా అదే లేఖలో అడగండి. అడిగితే ఉచితంగా ఇవ్వాల్సిందే.

ఈలోగా అప్పీలు నడుస్తోందని, బిల్లును కలెక్షన్‌కు (బాకీలు వసూలు చేసే ఏజెన్సీకి) పంపవద్దని బిల్లింగ్ ఆఫీసుకు లేఖ రాసి, దాని నకలు దాచుకోండి.