ఐదుగురితో మొదలై పదకొండుకు: ఆసియాన్‌పై మీ ప్రశ్నలు

ప్రశ్న: తిమోర్-లెస్తె 2011లో దరఖాస్తు పెడితే 2025లో ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో చేర్చుకున్నారు. అంత చిన్న దేశానికి అన్నేళ్లెందుకు పట్టింది?
– పోటీ పరీక్షలకు చదువుతున్న పాఠకుడు

జవాబు: చిన్నది కాబట్టే పట్టింది. 2008లో అమల్లోకి వచ్చిన ఆసియాన్ చార్టర్ (కూటమి నియమావళి) ప్రకారం కొత్త సభ్యులకు నాలుగే అర్హతలు. ఆగ్నేయాసియాలో ఉండాలి, సభ్యదేశాలన్నీ గుర్తించి ఉండాలి, చార్టర్‌కు కట్టుబడాలి, సభ్యత్వ బాధ్యతలు మోయగలగాలి. ఎన్నికలు జరిపి తీరాలన్న షరతు ఇందులో లేదు, గమనించండి. తిమోర్‌కు చిక్కు వచ్చింది నాలుగోదాని దగ్గర. ముఖ్యంగా సింగపూర్ దాన్ని గట్టిగా పట్టుకుంది.

మాట ఉత్తదేం కాదు. ఆసియాన్‌లో ఏడాదికి వెయ్యికి పైగా సమావేశాలు జరుగుతాయి, అన్నీ ఇంగ్లిష్‌లోనే. దాదాపు 14 లక్షల జనాభా ఉన్న తిమోర్‌లో అధికార భాషలు తెతుమ్, పోర్చుగీసు. ఆ సమావేశాలకు వెళ్లి ఫైళ్లు చదివి మాట్లాడే అధికారులు అంతమంది ఎక్కడ దొరుకుతారు? జకార్తాలోని సచివాలయం ఖర్చుకు కూడా అందరూ సమాన వాటా కట్టాలి. అంటే 28 కోట్ల జనాభా ఉన్న ఇండోనేసియా ఎంత కడుతుందో తిమోరూ అంతే. చివరికి 2022లో సూత్రప్రాయంగా ఒప్పుకుని, 2025 అక్టోబరు 26న కౌలాలంపూర్‌లో పదకొండో సభ్యదేశంగా చేర్చుకున్నారు.

ఇంకో సంగతి. 1975లో తిమోర్‌ను ఆక్రమించి, 1999 రెఫరెండం దాకా వదలని దేశం ఇండోనేసియా. 2011లో ఆ దరఖాస్తును వెనకేసుకొచ్చిందీ ఇండోనేసియానే.

ప్రశ్న: నిత్యం తగువులాడుకునే దేశాలు ఒక కూటమిగా ఎలా నిలిచాయి?
– ఓ ఉపాధ్యాయురాలు

జవాబు: తగువులు తీర్చుకున్నాక కలిశారనుకుంటాం. నిజానికి తీరకుండానే కలిశారు. నన్నడిగితే ఆసియాన్ కథ మొత్తం ఇదే.

1961లో థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్, మలయా (నేటి మలేసియాలో భాగం) కలిసి ‘ఆసా’ అనే కూటమి పెట్టుకున్నాయి. బోర్నియో ద్వీపంలోని సబా ప్రాంతం ఎవరిదన్న గొడవతో అది చతికిలపడింది. 1963లో మలయా, ఫిలిప్పీన్స్, ఇండోనేసియా ‘మాఫిలిండో’ పేరుతో ఇంకో కూటమి అన్నాయి. మలేసియా ఏర్పడగానే ఇండోనేసియా దాని మీద కయ్యానికి దిగింది, మాఫిలిండో పేరు కాగితాల్లో మిగిలింది. 1965లో మలేసియా నుంచి సింగపూర్ విడిపోయింది. ఇక రెండేళ్లకు, 1967 ఆగస్టు 8న, ఈ నాలుగు దేశాలూ థాయ్‌లాండ్‌తో కలిసి బ్యాంకాక్‌లో సంతకాలు చేశాయి!

ఎవరితోనూ పేచీ లేని థాయ్ విదేశాంగ మంత్రి థనత్ ఖోమన్ పెద్దరికం వహించారు. మంత్రులను ముందు బాంగ్‌సేన్ సముద్రతీరానికి తీసుకెళ్లి, గోల్ఫ్ ఆటల మధ్యే మాటలు నడిపించారు. పొరుగున వియత్నాం యుద్ధం సాగుతోంది, కమ్యూనిజం భయం ఐదుగురికీ ఉంది. అయినా ప్రకటనలో రాసుకున్నది ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక సహకారం గురించే. ‘ఒకరి ఇంటి విషయాల్లో ఒకరం వేలు పెట్టం, ఏదైనా ఏకాభిప్రాయంతోనే’ అన్నది వాళ్ల పద్ధతి అయింది.

ఈ పద్ధతి వల్లే కూటమి పెరిగింది. స్వాతంత్ర్యం వచ్చిన వారానికే, 1984 జనవరిలో, బ్రునై చేరింది. ఎవరిని చూసి భయపడి మొదలుపెట్టారో ఆ వియత్నామే 1995లో లోపలికొచ్చింది. 1997 జూలైలో లావోస్, మయన్మార్, కంబోడియా ఒకేసారి చేరాలి. అప్పుడు నేను ఓ పత్రికలో విదేశీ వార్తల డెస్కులో ఉన్నాను. ‘ఆసియాన్ ఇక పది’ అని శీర్షిక కూడా అనుకున్నాం. ఆ నెల మొదట్లోనే కంబోడియాలో హున్ సేన్ సహప్రధాని రణరిద్‌ను బలప్రయోగంతో తప్పించారు. కంబోడియాను ఆపేశారు, మా శీర్షికా మారింది. సైనిక పాలనలో ఉన్న మయన్మార్‌కు మాత్రం అదే నెలలో తలుపు తీశారు. దీనికి తర్కం వెతక్కండి. కంబోడియా 1999 ఏప్రిల్ 30న చేరింది. ఆ కార్యక్రమం జరిగింది ఇరవై ఏళ్ల క్రితం దాని మీదికి సైన్యాన్ని పంపిన వియత్నాం రాజధాని హనోయ్‌లో.

ప్రశ్న: ఆసియాన్‌కు నాటోలాగా ఉమ్మడి సైన్యం ఉందా?

జవాబు: లేదు. ఒక సభ్యదేశం మీద దాడి జరిగితే మిగతావి యుద్ధానికి రావాలన్న ఒప్పందం కూడా లేదు.

ప్రశ్న: 2025లో థాయ్‌లాండ్, కంబోడియా సరిహద్దులో కాల్పులు జరిగాయి. మరి ఈ కూటమి ఎందుకు దండగ కాదు?
– మీ కాలమ్ నచ్చని పాఠకుడు

జవాబు: నచ్చకపోయినా చదువుతున్నారు, సంతోషం. జూలైలో ఐదు రోజుల పోరు తర్వాత ఇద్దరినీ పుత్రజయలో కూర్చోబెట్టింది ఆ ఏడాది అధ్యక్ష స్థానంలో ఉన్న మలేసియా. అమెరికా, చైనా ఒత్తిడి కూడా పనిచేసింది, కాదనను. డిసెంబరులో మళ్లీ తుపాకులు మోగాయి. ఆసియాన్ ఆపగలిగింది ఇంతే.

మయన్మార్ విషయంలో మీ కోపమే నాదీ. 2021 ఫిబ్రవరిలో సైన్యం ప్రభుత్వాన్ని కూల్చింది. ఏప్రిల్‌లో ఐదు అంశాల మీద ఒప్పందమన్నారు, సైనిక పాలకులు దాన్ని లెక్కచేయలేదు. శిఖరాగ్ర సభకు అక్కడి సైనికాధినేతను పిలవకపోవడమే కూటమి వేసిన పెద్ద శిక్ష. సభ్యదేశాన్ని వెళ్లగొట్టే నిబంధనే చార్టర్‌లో లేదు మరి! 2012లోనైతే దక్షిణ చైనా సముద్రం మీద మాట కుదరక, కంబోడియా రాజధాని నోమ్‌పెన్‌లో విదేశాంగ మంత్రులు ఉమ్మడి ప్రకటన లేకుండానే లేచిపోయారు. 45 ఏళ్లలో అదే మొదటిసారి. అందరూ ఒప్పుకుంటేనే మాట అన్న పద్ధతిలో, ఒక్కరు తల అడ్డంగా ఊపితే చాలు.

ప్రశ్న: పన్నెండో సభ్యదేశం ఏది కావచ్చు?

జవాబు: పాపువా న్యూగినీ 1976 నుంచి పరిశీలక హోదాలో కూర్చుని ఉంది. అయితే అది ఆగ్నేయాసియా కిందికి వస్తుందా అన్నదే తేలలేదు, పైగా అన్ని రాజధానులూ ఒప్పుకోవాలి. ఇప్పట్లో అయ్యేపని కాదని నా అంచనా. పరీక్షకు వెళ్లేవాళ్లు ప్రస్తుతానికి పదకొండనే రాయండి.