కండరంలో పుట్టే వేడి: ఎ.వి. హిల్ ఏం కొలిచారు?

ప్రశ్న: కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న సిద్ధాంతం మీదే ఎ.వి. హిల్ పరిశోధన అంతా ఆధారపడిందని, 1930లో ఆ సిద్ధాంతం కూలిపోయిందని మా తరగతిలో చెప్పారు. అలాంటప్పుడు ఆయన నోబెల్ బహుమతికి ఇప్పుడు విలువ ఏముంది?
– శరీరధర్మశాస్త్ర విద్యార్థిని

జవాబు: లాక్టిక్ ఆమ్ల సిద్ధాంతం పోయిన మాట వాస్తవమే. అయితే 1922 సంవత్సరపు నోబెల్ బహుమతిలో బ్రిటిష్ శరీరధర్మశాస్త్రజ్ఞుడు హిల్‌కు వాటా దక్కింది కండరంలో వేడి పుట్టే తీరును కనుగొన్నందుకు. ఆక్సిజన్ వినియోగానికీ లాక్టిక్ ఆమ్లానికీ ఉన్న సంబంధాన్ని తేల్చినందుకు మిగతా వాటా ఆటో మేయర్‌హాఫ్‌కు వెళ్లింది. ఈ తేడాను పాఠాల్లో తరచూ విడమరచి చెప్పరు. మీ సందేహానికి మూలం అదేననుకుంటాను.

హిల్ కేంబ్రిడ్జిలో గణితం చదివి, 1909లో లాంగ్లీ అనే ఆచార్యుడి సూచనతో ఈ పనిలోకి వచ్చారు. కప్ప తొడనుంచి తీసిన సన్నని కండరాన్ని థర్మోపైల్ అనే పరికరం మీద ఆనించి, దానికి ఒక్క విద్యుత్ ఘాతం ఇచ్చేవారు. రెండు వేర్వేరు లోహాల అతుకు కాస్త వేడెక్కినా స్వల్పమైన కరెంటు పుడుతుంది. ఆ కరెంటుకు, దాన్ని కొలిచే గాల్వనోమీటర్‌లోని చిన్న అద్దం తిరుగుతుంది, దాని మీద పడిన వెలుగుచుక్క కొలబద్ద మీద జరుగుతుంది. ఒక్కసారి ముడుచుకుంటే కండరం వేడెక్కేది డిగ్రీలో కొన్ని వెయ్యో వంతులు మాత్రమే కాబట్టి, బయటి వేడి ఏమాత్రం సోకినా ఆ ప్రయోగం పనికిరాకుండా పోతుంది.

ఇంత శ్రమకు ఫలితంగా తేలింది ఏమిటంటే, వేడి రెండు విడతలుగా వస్తుంది. ముడుచుకునే క్షణంలో వచ్చే వేడి ఆక్సిజన్ ఉన్నా లేకపోయినా ఒకే మోతాదులో ఉంటుంది. ఆ తరువాత నిమిషాల తరబడి మెల్లగా వచ్చే రెండో విడత వేడి మాత్రం ఆక్సిజన్ అందితేనే పూర్తిగా కనిపిస్తుంది. అంటే కండరం పని చేసేటప్పుడు ఇంధనాన్ని ఆవిరియంత్రంలా అప్పటికప్పుడు మండించదు. ముందే దాచుకున్న శక్తిని ఖర్చు చేసి, ఆ లోటును తరువాత ఆక్సిజన్‌తో పూడ్చుకుంటుంది. నా దృష్టిలో హిల్ జీవితంలోని అతిపెద్ద ఆవిష్కరణ ఇదే, ఇది ఈనాటికీ చెక్కుచెదరలేదు.

ఆ దాచుకున్న శక్తి ఏ రూపంలో ఉందన్న చోటే పొరపాటు జరిగింది. 1927లో లండన్‌లో ఎగిల్టన్ దంపతులు, హార్వర్డ్‌లో ఫిస్కే, మన యల్లాప్రగడ సుబ్బారావు గారు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే, శక్తిని దాచుకునే ఫాస్ఫేట్ పదార్థం ఉందని విడివిడిగా కనిపెట్టారు. 1930లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్, అయోడోఅసిటిక్ ఆమ్లంతో లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా ఆపినా కండరం కొంతసేపు ముడుచుకుంటూనే ఉంటుందని, అప్పుడు తరిగిపోయేది ఫాస్ఫోక్రియాటిన్ అని చూపించారు. హిల్ వాదించి కాలం గడపలేదు. 1932లో రాసిన సమీక్షావ్యాసానికి ‘కండర శరీరధర్మశాస్త్రంలో విప్లవం’ అన్న అర్థం వచ్చే పేరే పెట్టారు. తన సొంత పునాది కదిలినప్పుడు దానిని విప్లవమని తానే పిలవగలిగిన ఆ నిజాయితీ అంటే నాకు ఎంతో గౌరవం.

1938లో ఆయన బరువుకూ వేగానికీ మధ్య సమీకరణం ఇచ్చారు. ఎత్తవలసిన బరువు పెరిగేకొద్దీ కండరం ముడుచుకునే వేగం ఏ వంపులో తగ్గుతుందో అది చెబుతుంది, ఇప్పటికీ వాడుకలో ఉంది. అదే వ్యాసంలో, కండరం పొట్టిబడేటప్పుడు అదనంగా వచ్చే వేడికి బరువుతో నిమిత్తం లేదని రాశారు. 1964లో, ఎనభైకి దగ్గర పడుతున్న వయసులో, మళ్లీ కొలిచి, బరువును బట్టి ఆ వేడి మారుతుందని తన మాటను తానే సవరించుకున్నారు. ఈ మధ్యలో, కణాలు నేరుగా శక్తికి వాడుకునే ఏటీపీ అనే అణువే అసలు ఇంధనమైతే ఒక్క ముడుపులో అది తరగడం బతికున్న కండరంలో చూపించండని 1950లో జీవరసాయన శాస్త్రజ్ఞులను సవాలు చేశారు. ఫాస్ఫోక్రియాటిన్ నుంచి ఏటీపీ మళ్లీ తయారుకాకుండా అడ్డుకుని, 1962లో కెయిన్, డేవిస్ దాన్ని చూపించగలిగారు.

ప్రశ్న: పరుగు ఆపాక కూడా ఆయాసం రావడాన్ని హిల్ ‘ఆక్సిజన్ అప్పు’ అన్నారట. ఆ మాట ఇప్పటికీ సరైనదేనా?
– ఒక వ్యాయామ శిక్షకుడు

జవాబు: కొంతవరకే. 1920లలో హిల్ స్వయంగా వీపున సంచి కట్టుకుని పరుగెత్తి, వదిలిన ఊపిరిని అందులో పట్టి పరీక్షించారు. వేగంగా పరుగెత్తేటప్పుడు తాను నిమిషానికి సుమారు 4 లీటర్ల ఆక్సిజన్ తీసుకుంటున్నట్టు లెక్క తేలింది. పరుగు ఆపాక తీసుకునే అదనపు ఆక్సిజన్ చాలావరకు లాక్టిక్ ఆమ్లాన్ని సర్దుబాటు చేయడానికేనని ఆయన భావించారు. ఫాస్ఫోక్రియాటిన్‌ను తిరిగి నింపడం, రక్తంలోనూ కండరంలోనూ తగ్గిన ఆక్సిజన్ నిల్వను భర్తీ చేయడం, పెరిగిన ఒంటి వేడి, ఇంకా ఎగసి ఉన్న గుండె వేగం కూడా ఆ ఖర్చులో భాగమని తరువాత తెలిసింది. అందుకే ఇప్పటి పుస్తకాల్లో ‘అప్పు’ అనడం తగ్గించి, వ్యాయామానంతర అదనపు ఆక్సిజన్ వినియోగం అంటున్నారు.